ఏ గూడూరు? నర్సరీ ఆర్డర్ ఫారం డైరీ

జూన్ 8, 2024

మృగశిర కార్తె వచ్చేసింది. ఒక్క వాన గట్టిగా పడిందంటే చాలు, కడియం, కడియపులంక, వేమగిరి వైపు ఎటు చూసినా మొక్కల లారీలే. సరిగ్గా ఈ హడావిడిలోనే, అయిదేళ్ల కిందట మా బాబాయ్ నర్సరీకి నేను చేసిచ్చిన ఆర్డర్ ఫారం నా పరువు తీసింది. కర్నూలు జిల్లా గూడూరుకు వెళ్లాల్సిన 400 తైవాన్ పింక్ జామ మొక్కలు కృష్ణా జిల్లా గూడూరుకు వెళ్లాయి. డ్రైవరు సెంటర్లో బండి ఆపి రైతుకు ఫోన్ చేశాడట. "గూడూరులోనే ఉన్నానండీ, మీరెక్కడ?" అని ఆయన, "నేనూ గూడూరులోనే ఉన్నానండీ" అని ఇతను, అలా పావుగంట ఒకరినొకరు వెతుక్కున్నారు. వినేవాళ్లకి నవ్వొచ్చే కథే గానీ, ఎండలో తిరిగి తిరిగి వాడిపోయి వచ్చిన మొక్కల్ని చూశాక బాబాయ్‌కి మాత్రం నవ్వు రాలేదు.

"ఏరా, నీ కంప్యూటరుకి ఎన్ని గూడూర్లు తెలుసు?" అన్నాడు ఫోన్లో.

డేటాబేస్‌లో మండలాల టేబుల్ (పట్టిక) చూసి చెప్పాను, నాలుగు అని. కృష్ణా, కర్నూలు, తిరుపతి, తెలంగాణలో మహబూబాబాద్. నాలుగూ మండలాలే.

"నాలుగున్నాయని తెలిసి కూడా, ఏ గూడూరని అడగదేంట్రా అది?"

అడుగుతుంది కదా, జిల్లా డ్రాప్‌డౌన్ (నొక్కితే తెరుచుకునే లిస్టు) ఉందిగా అనబోయి ఆగాను. రాత్రి కూర్చుని ఆ ఆర్డర్ రికార్డు బయటికి తీస్తే అసలు సంగతి తెలిసింది. జిల్లా కాలమ్‌లో కర్నూలు ఐడీ (టేబుల్లో దాని నంబరు) ఉంది, మండలం కాలమ్‌లో కృష్ణా జిల్లా గూడూరు ఐడీ ఉంది. రెండూ ఒకే రికార్డులో పక్కపక్కన కూర్చున్నాయి. రైతుకు వెళ్లిన బిల్లు ఆర్డర్‌లోని జిల్లా కాలమ్ చూసి "గూడూరు, కర్నూలు జిల్లా" అని చక్కగా ప్రింట్ చేసింది, ఆయన చూసి సరే అనుకున్నాడు. లారీ చీటీ ప్రింట్ చేసే కోడ్ మాత్రం ఆర్డర్ నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకి జాయిన్ వేసుకుని (టేబుళ్లని కలిపి చూసి) "గూడూరు, కృష్ణా జిల్లా" అంది. రెండు కాగితాలూ తమ లెక్క ప్రకారం నిజమే చెప్పాయి.

మరి నా వాలిడేషన్, అంటే వచ్చిన విలువల్ని సరిచూసే కోడ్, ఏం చేస్తున్నట్టు? సర్వర్‌లో నడిచే పాత పీహెచ్‌పీ కోడ్ ఫైలు తెరిచాను. ఈ జిల్లా ఐడీ జిల్లాల టేబుల్లో ఉందా, ఉంది. ఈ మండలం ఐడీ మండలాల టేబుల్లో ఉందా, ఉంది. పాస్. పెళ్లికొడుకు ఉన్నాడు, పెళ్లికూతురు ఉంది, ఈ ఇద్దరికీ సంబంధం కుదిరిందా అని మాత్రం పంతులుగారు అడగలేదు.

జూన్ 9

సర్వర్ సంగతి తర్వాత. ముందు అసలు ఫారంలోనే ఈ తప్పు జత ఎలా తయారైందో తెలియాలి, ఎందుకంటే జిల్లా మార్చగానే మండలాల లిస్టు మొత్తం తుడిచి కొత్తది తెచ్చేలా అప్పట్లోనే రాశాను, ఆ మాత్రం తెలివి ఉంది నాకు.

పొద్దున్నంతా ఎన్నిసార్లు నొక్కినా తప్పు దొరకలేదు. మా ఇంట్లో ఫైబర్ నెట్, దొరకదు. క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్ వేగాన్ని త్రీజీకి దించాక అయిదు నిమిషాల్లో బయటపడింది. ఆర్డర్ పెట్టేవాళ్లు తోటలోనో, బస్సులోనో ఉండి పెడతారు గాని నాలా ఫ్యాను కింద కూర్చుని కాదు, అది నేను మొదటి రోజునుంచీ మర్చిపోయిన విషయం.

జరిగింది ఇది. రైతు లిస్టులో వేలు జారి ముందు కృష్ణా నొక్కాడు. వెంటనే సర్దుకుని కర్నూలు నొక్కాడు. రెండు నొక్కులకీ రెండు రిక్వెస్టులు వెళ్లాయి. కర్నూలు మండలాలు ముందొచ్చి లిస్టులో పడ్డాయి, కృష్ణా జవాబు ఆలస్యంగా వచ్చి దాన్ని చెరిపేసి తన మండలాలు నింపింది. పైన కర్నూలు, కింద కృష్ణా మండలాలు. ఆయన కిందకి జరిపి తన ఊరు చూసుకున్నాడు, గూడూరు ఉంది, నొక్కేశాడు. ఇంకే మండలం వాళ్లకైనా ఈ గొడవ వస్తే లిస్టులో తమ ఊరు కనబడక ఫోన్ చేసి తిట్టేవాళ్లు, గొడవ అక్కడితో పోయేది. రెండు లిస్టుల్లోనూ ఉన్న పేరు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

సరిచేయడం పెద్ద పనేం కాదు. కొత్త రిక్వెస్టు వెళ్లే ముందు పాతదాన్ని బ్రౌజర్లో ఉండే అబార్ట్ కంట్రోలర్‌తో ఆపేయడం, అదీ చాలదన్నట్టు ప్రతి రిక్వెస్టుకి ఒక వరుస నంబరు ఇచ్చి, జవాబు వచ్చినప్పుడు ఆ నంబరు ఆఖరుదేనా అని చూసి, కాకపోతే పక్కన పడేయడం. పది లైన్లు. అయిదేళ్లుగా ఆ పది లైన్లు లేవు.

ఇక్కడితో ఆగిపోదామనిపించింది, నిజంగా. కానీ ఫారం బాగుపడినంత మాత్రాన సర్వర్ గుడ్డిదే కదా.

జూన్ 11

ఈరోజు సర్వర్ వైపు. రెండు విడి ప్రశ్నలు తీసేసి ఒకటే ప్రశ్న పెట్టాను: మండలాల టేబుల్లో ఐడీ ఇది, జిల్లా ఐడీ ఇది, రెండూ కలిసిన రికార్డు ఉందా? లేకపోతే ఫారం వెనక్కి. మొక్క, రకం డ్రాప్‌డౌన్లకీ అంతే. మామిడి ఎంచుకుంటే బంగినపల్లి, సువర్ణరేఖ, చెరుకు రసం, తోతాపురి వస్తాయి, సపోటా ఎంచుకుంటే క్రికెట్ బాల్, కాలీపత్తి. మామిడి కింద కాలీపత్తి వచ్చి పడితే ఒప్పుకోకూడదు.

రాసేసి, బ్రౌజర్లో ఇన్‌స్పెక్ట్ తెరిచి ఆప్షన్ విలువల్ని చేత్తో మార్చి పరీక్షలు మొదలుపెట్టాను. వేరే జిల్లా మండలం ఐడీ ఇస్తే ఆపింది, భేష్. లేని ఐడీ ఇస్తే ఆపింది. చివర్లో సరదాకి 37 అనే ఐడీ పక్కన అక్షరాలు చేర్చి "37జామ" అని పంపాను. పాసైంది!

ఇది మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అలవాటు. కాలమ్ అంకెలది, మనం పోల్చేది స్ట్రింగు (అక్షరాల వరస) అయితే, స్ట్రింగు మొదట్లో ఉన్న అంకెల్ని తీసుకుని మిగతాది వదిలేస్తుంది, లోపల ఒక వార్నింగ్ రాసుకుంటుంది, దాన్ని ఎవరూ చదవరు. పైగా మన హోస్టింగ్‌లో, తప్పు విలువల్ని తిరగ్గొట్టే స్ట్రిక్ట్ మోడ్ ఆపేసి ఉంది, కాబట్టి ఇన్సర్ట్ (కొత్త రికార్డు చేర్చడం) అప్పుడు కూడా 37 అని పెట్టుకుని ఊరుకుంటుంది. ప్రమాదమేమీ జరగలేదు, విలువల్ని ప్రశ్నతో కలపకుండా విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు వాడుతున్నా కాబట్టి, విలువలో ఆదేశాలు దూర్చే ఇంజెక్షన్ భయం లేదు, కానీ "37జామ" అన్నది ఏ లిస్టులోనూ లేని విలువ, దాన్ని నా వాలిడేషన్ ఉంది అంది, అది నాకు నచ్చలేదు. ఇప్పుడు ముందు సీటైప్ డిజిట్ అనే పీహెచ్‌పీ ఫంక్షన్‌తో అన్నీ అంకెలేనా అని చూసి, ఆ తర్వాతే డేటాబేస్ దగ్గరికి పంపుతున్నా. స్ట్రిక్ట్ మోడ్ కూడా ఆన్ చేశాను, దాంతో వేరే రెండు పాత ఫారాలు కిందపడ్డాయి, వాటి సంగతి ఇక్కడ రాయను.

ఇంకో చిన్న విషయం, చిన్నదే గాని మనుషుల్ని విసిగించేది ఇదే. తప్పు చూపించి ఫారాన్ని వెనక్కి ఇచ్చినప్పుడు జిల్లా నిలబడుతోంది, మండలాల లిస్టు మాత్రం ఖాళీ అయిపోతోంది, ఎందుకంటే అది జిల్లా మారినప్పుడు మాత్రమే నిండుతుంది, పేజీ తెరుచుకున్నప్పుడు కాదు. పేరు, ఫోన్, మొక్కలు అన్నీ సరిగ్గా పెట్టినవాడు ఒక్క తప్పుకి మళ్లీ మొదటినుంచి పెట్టాలి. ఇప్పుడు వెనక్కి ఇచ్చేటప్పుడే ఆ జిల్లా మండలాల్ని సర్వర్ నింపి పంపుతుంది.

జూన్ 13

డేటాబేస్‌లోనే తాళం వేద్దామని కూర్చున్నాను. ఫారం ఒక్కటే కాదు కదా, వదిన ఎక్సెల్ నుంచి ఎక్కించే ఆర్డర్లున్నాయి, నేను చేత్తో మార్చేవి ఉన్నాయి. వాకిట్లో తలుపు వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టు ఉంటుంది.

అసలైతే ఫారిన్ కీలు (ఈ ఐడీ ఆ టేబుల్లో ఉంటేనే రాయనివ్వు అని డేటాబేస్‌కి చెప్పే నియమాలు) అప్పట్లోనే పెట్టాను. బాగా గుర్తుంది. మరి లేని మొక్క ఐడీతో ఆర్డర్ ఎలా ఉంది టేబుల్లో? షో క్రియేట్ టేబుల్ (టేబుల్ ఎలా తయారైందో చూపే ఆదేశం) కొట్టి చూస్తే ఫారిన్ కీ ఊసే లేదు, ఇంజిన్ (టేబుల్‌ని లోపల దాచే పద్ధతి) చూస్తే మైఐసామ్. పాత హోస్టింగ్‌లో అదే డీఫాల్ట్‌గా పెట్టి ఉందన్నమాట. మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి, అంటే 2010 నుంచి, ఫారిన్ కీల్ని పాటించే ఇన్నోడీబీ ఇంజినే డీఫాల్ట్ కదా అని నేను చూసుకోలేదు. మైఐసామ్ టేబుల్‌కి ఫారిన్ కీ రాస్తే తప్పని చెప్పదు, చదివి, తలూపి, మర్చిపోతుంది. అయిదేళ్లపాటు లేని తాళాన్ని నమ్ముకున్నాను.

ఇన్నోడీబీకి మార్చాను. మార్చగానే కీలు పెట్టనివ్వదు, ముందు లోపలున్న చెత్త తియ్యాలి. లెఫ్ట్ జాయిన్ వేసి, తల్లి దొరకని పిల్ల రికార్డుల్ని బయటికి లాగాను: ఆర్డర్ మండలంతో, మండలం జిల్లాతో, ఆ జిల్లా ఆర్డర్‌లో ఉన్న జిల్లాతో కలవనివి. 41 వచ్చాయి. అందులో ఎక్కువ భాగం ఎక్సెల్ దారిలో వచ్చినవే, ఫారం పుణ్యాన వచ్చినవి 6. వదిన నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని ఒక్కోటీ చదువుతుంటే నేను సరిచేశాను, కొన్నింటికి ఆవిడే ఫోన్ చేసి "మీది ఏ జిల్లా అండీ" అని అడిగింది. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా పట్టింది.

తర్వాత కీ. మామూలుగా మండలం ఐడీ ఒక్కదానికే ఫారిన్ కీ పెడతాం, అది సరిపోదు, మండలం ఉందా అనే చూస్తుంది. మండలాల టేబుల్లో ఐడీ, జిల్లా ఐడీ రెండూ కలిపి ఒక యునీక్ ఇండెక్స్ (ఒకే జత రెండుసార్లు రాకుండా చూసేది) పెట్టి, ఆర్డర్ల టేబుల్ నుంచి రెండు కాలమ్‌లూ కలిపి ఆ జతకి ఫారిన్ కీ పెట్టాను. మొదటిసారి 3780 ఎర్రర్, కాలమ్‌ల రకం కలవలేదని. ఒకవైపు అన్‌సైన్డ్ (మైనస్ అంకెలు ఉండవు), ఇంకోవైపు సైన్డ్ (ఉంటాయి). సరిచేశాక ఎక్కింది. కర్నూలు పక్కన కృష్ణా గూడూరు పెట్టి చేత్తో ఇన్సర్ట్ చేశాను, 1452 (ఆ జత లేదు అనే ఎర్రర్) అని మొహం మీద కొట్టింది. ఒక ఎర్రర్ చూసి ఇంత సంతోషపడటం ఈ మధ్య ఇదే.

జూన్ 14

నిన్నటి సంతోషం ఒక రాత్రే.

పొద్దున ఒక ఆర్డర్ వచ్చింది, జిల్లా ఉంది, మండలం నల్, అంటే విలువే లేదు. తాళం వేసిన తలుపులోంచి ఎలా వచ్చాడు?

వెనక్కి తవ్వుకుంటూ పోతే ఒక గొలుసు దొరికింది. మండలాల లిస్టు వచ్చేదాకా ఆ డ్రాప్‌డౌన్‌ని డిజేబుల్ చేసి పెడతాను, ఎవరూ ఖాళీ లిస్టు నొక్కకుండా. నెట్ నెమ్మదిగా ఉన్నాయన అది తెరుచుకునేలోపే సబ్మిట్ నొక్కాడు. డిజేబుల్ అయిన ఫీల్డుకి రిక్వైర్డ్ (తప్పనిసరి) అని రాసినా బ్రౌజర్ పట్టించుకోదు, పైగా దాని విలువని సర్వర్‌కి పంపనే పంపదు. సర్వర్‌లో నేను "మండలం వచ్చిందా, వస్తే సరిచూడు" అని రాశాను, రాకపోతే ఏం చేయాలో రాయలేదు, అది నల్ అయింది. ఇక డేటాబేస్. రెండు కాలమ్‌ల ఫారిన్ కీలో ఏ ఒక్క కాలమ్ నల్ అయినా మైఎస్‌క్యూఎల్ మొత్తం తనిఖీనే మానేస్తుంది. జిల్లా కాలమ్‌లో ఏ చెత్త ఉన్నా సరే. నాలుగు చోట్ల నాలుగు చిన్న కన్నాలు, నాలుగూ ఒకే వరసలోకి వచ్చాయి.

ఆ కాలమ్‌కి నాట్ నల్ (విలువ లేకపోతే ఒప్పుకోకు) పెట్టాను. సర్వర్‌లో రాకపోవడాన్నీ తప్పుగానే లెక్కేశాను. లిస్టు వచ్చేదాకా సబ్మిట్ బటన్ని కూడా ఆపాను. అన్నట్టు రిక్వైర్డ్ గురించి ఇంకోటి: డ్రాప్‌డౌన్‌లో మొదటి ఆప్షన్ విలువ ఖాళీగా ఉంటేనే అది పనిచేస్తుంది. నేను "మండలం ఎంచుకోండి" అన్నదానికి విలువ 0 ఇచ్చాను. బ్రౌజర్ దృష్టిలో 0 కూడా ఒక విలువే, ఎంచుకున్నట్టే.

జూన్ 17

వదిన కోపంగా ఉంది. "నేను ఫోన్ నంబరు ఒక్కటే మార్చాను, రకం దానంతటదే మారిపోయింది" అంది. నేను నమ్మలేదు, అలా ఎలా మారుతుంది అన్నాను. కూర్చోబెట్టి చూపించింది. మారిపోయింది.

సువర్ణరేఖ అంట్లు అయిపోయాయని నిన్న బాబాయ్ దాన్ని లిస్టులోంచి ఆపేశాడు. రకాల టేబుల్లో "అమ్మకంలో ఉందా" అని ఒక కాలమ్ ఉంది, దాన్ని 0 చేశాడు. పాత ఆర్డర్ ఎడిట్ పేజీ తెరిస్తే, డ్రాప్‌డౌన్ అమ్మకంలో ఉన్న రకాల్నే తెస్తుంది, సువర్ణరేఖ అందులో లేదు, దాంతో బ్రౌజర్ లిస్టులో మొదటిదాన్ని, అంటే బంగినపల్లిని, ఎంచుకున్నట్టు చూపిస్తుంది. వదిన ఫోన్ నంబరు మార్చి సేవ్ నొక్కితే బంగినపల్లి కూడా సేవ్ అయింది. బంగినపల్లి మామిడి కిందదే, అమ్మకంలో ఉన్నదే, నా కొత్త వాలిడేషన్ అంతా సంతోషంగా పాస్ చేసింది. తప్పు జత కాదు కదా, సరైన జతే, ఎవరూ అడగని జత.

లిస్టులో ఉందా లేదా అని కాదు చూడాల్సింది, ఎవరి లిస్టు, ఎప్పటి లిస్టు అని. కొత్త ఆర్డర్‌కి ఈరోజు లిస్టు. పాత ఆర్డర్‌కి, ఈరోజు లిస్టుతోపాటు ఆ ఆర్డర్‌లో ఇప్పటికే ఉన్న విలువ కూడా చెల్లాలి. ఎడిట్ పేజీ క్వెరీకి (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నకి) ఆ ముక్క చేర్చాను: అమ్మకంలో ఉన్నవి, లేదా ఈ ఆర్డర్‌లో ఉన్నది. పక్కన "స్టాకు లేదు" అని కనబడుతుంది. సర్వర్‌లో సరిచూసే క్వెరీ కూడా అచ్చం అదే కావాలి, అందుకే రెండు చోట్లా రాయకుండా ఒకే ఫంక్షన్‌లో పెట్టి, డ్రాప్‌డౌన్ నింపేదీ దాన్నే పిలుస్తుంది, సరిచూసేదీ దాన్నే పిలుస్తుంది. ఇది మొదటిరోజే చేయాల్సిన పని.

ఇంకా లిస్టులో విలువ దొరకనప్పుడు మొదటిది ఎంచుకోకుండా, ఖాళీ ఆప్షన్ మీదే నిలబడాలి. అదీ పెట్టాను. వదిన టీ ఇచ్చింది, అంటే కోపం తగ్గినట్టే.

జూన్ 20

ఈరోజు చింతూరు నుంచి ఒక ఆర్డర్ వచ్చింది, కొబ్బరి, గంగాబొండం. వచ్చింది అనడం తప్పు, రాలేకపోయింది. ఆయన జిల్లా అల్లూరి సీతారామరాజు అని ఎంచుకుంటే మండలాల్లో చింతూరు లేదు.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రాలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు నేను హడావిడిగా మండలాల్ని కొత్త జిల్లాల కిందకి మార్చాను, చింతూరు తూర్పు గోదావరిలోనే మిగిలిపోయింది. పాపం ఆ మండలం 2014 దాకా ఖమ్మం జిల్లా, తర్వాత తూర్పు గోదావరి, 2022లో అల్లూరి జిల్లా. ఊరు కదల్లేదు, ఎనిమిదేళ్లలో మూడు జిల్లాలు చూసింది. ఇక మార్చేద్దామని మండలాల టేబుల్లో జిల్లా ఐడీ అప్‌డేట్ కొడితే 1451. ఆ మండలం, ఆ జిల్లా జతని పట్టుకుని పాత ఆర్డర్లు ఉన్నాయి కాబట్టి మార్చనివ్వనంటోంది. వారం కిందట నేను వేసిన తాళమే నన్ను బయట నిలబెట్టింది.

ఆన్ అప్‌డేట్ కాస్కేడ్ (మండలం రికార్డు మారితే దాన్ని పట్టుకున్న ఆర్డర్లనీ మార్చే నియమం) పెడితే మారుతుంది, నిజమే, కానీ దాంతోపాటు 2021లో చింతూరుకు పంపిన ఆర్డర్లు కూడా అల్లూరి జిల్లా అయిపోతాయి. 2021లో ఆ జిల్లాయే లేదు. మా తమ్ముడు "అయితే ఏమైంది, ఎవరు చూస్తారు" అన్నాడు. బిల్లు నకలు అడిగినవాడు చూస్తాడు.

చాలాసేపు తోటలో తిరిగాను. నాకు ఒకటి తట్టింది, అసలు ఆర్డర్‌లో జిల్లా కాలమ్ ఎందుకు? మండలం తెలిస్తే జిల్లా తెలిసినట్టే. ఒకే నిజాన్ని రెండు చోట్ల రాసుకున్నాను కాబట్టే అవి కొట్టుకున్నాయి, వాటిని కొట్టుకోకుండా చూడటానికే ఈ కాపలా అంతా. ఆ కాలమ్ పీకేశాను. దాంతో రెండు కాలమ్‌ల కీ కూడా పోయింది, మండలం ఐడీ ఒక్కదానికే మామూలు ఫారిన్ కీ మిగిలింది. జూన్ 13న అంత మురిసిపోయి పెట్టిన కీ, వారమే బతికింది.

మరి పాత బిల్లు? దానికి వేరే మందు. ఆర్డర్ ఖాయమైన క్షణాన చిరునామా మొత్తం, ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్, అక్షరాల్లో ఒక కాలమ్‌లో రాసి పెట్టేస్తున్నా. అది ఇక మారదు, బిల్లూ లారీ చీటీ రెండూ దాన్నే ప్రింట్ చేస్తాయి. మండలం ఐడీ లెక్కల కోసం, ఏ జిల్లాకి ఎన్ని మొక్కలు వెళ్లాయని చూసుకోవడానికి. పాత ఆర్డర్లకి, అవి పెట్టిన తేదీని బట్టి అప్పటి జిల్లా పేరు రాశాను. వరంగల్ వాళ్లవి ఒకటికి రెండుసార్లు చూడాల్సి వచ్చింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. "వరంగల్" అన్న ఒక్క మాటకి తేదీ చూడకుండా అర్థం చెప్పలేం.

ఇదంతా అయ్యాక ఫారం వైపు చూస్తే, జిల్లా డ్రాప్‌డౌన్‌కి కూడా పని లేనట్టు అనిపించింది. ఈ 2024లో ఆంధ్రావి 26, తెలంగాణవి 33, మొత్తం 59 పేర్ల లిస్టు. అందులోనూ అమలాపురం వాళ్లు అలవాటుగా తూర్పు గోదావరి నొక్కి, "మా ఊరు లేదేంటండీ" అని ఫోన్ చేస్తూనే ఉన్నారు, కోనసీమ జిల్లా వచ్చి రెండేళ్లయినా. తప్పు వాళ్లది కాదు. మనిషికి తన మండలం గుర్తుంటుంది, జిల్లా అయితే ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది. అందుకని తిరగేశాను. ఒకటే పెట్టె, మండలం పేరు రెండు అక్షరాలు కొట్టగానే కింద లిస్టు వస్తుంది, ప్రతి పేరు పక్కనా జిల్లా. "గూడూ" కొడితే నాలుగు గూడూర్లూ నాలుగు జిల్లాలతో వరసగా నిలబడతాయి. ఒక్క ఐడీ వెళుతుంది. జతే లేదు, తప్పు జత ఎక్కడినుంచి వస్తుంది?

బాబాయ్‌కి చూపించాను. "ఇప్పుడు అడుగుతోంది" అన్నాడు.

జూన్ 24

ఎక్సెల్. ఇది రాయాలంటేనే విసుగు.

టోకు వ్యాపారులు కొందరు ఆర్డర్లని ఎక్సెల్‌లో పంపుతారు, వదిన అలాగే ఎక్కిస్తుంది. వాళ్లకి నేనిచ్చిన ఫైల్లో డ్రాప్‌డౌన్లు ఉన్నాయి, ఒకటి మారితే రెండోదాని లిస్టు మారేలా ఇండైరెక్ట్ ఫార్ములా పెట్టినవి. కానీ ఎక్సెల్‌లో మొదటిది మార్చినా రెండోదాంట్లో ముందున్న విలువ అలాగే ఉండిపోతుంది, తుడిచిపెట్టదు. పైగా ఇంకో ఫైల్లోంచి కాపీ చేసి పేస్ట్ కొడితే వాలిడేషనే ఎగిరిపోతుంది. అంచేత అక్కడి డ్రాప్‌డౌన్ని నేను సౌకర్యం కింద చూస్తా గాని కాపలా కింద కాదు.

ఈరోజు గొడవ వేరే. రాజేంద్రనగర్ మండలం దొరకలేదని 9 వరసలు తిరగ్గొట్టింది. టేబుల్లో ఉంది, ఫైల్లో ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కవలపిల్లల్లా ఉన్నాయి. పొడవు కొలిస్తే ఒకటి 3 బైట్లు ఎక్కువ. చివర పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒకటి కూర్చుని ఉంది. "రాజేంద్రనగర్‌లో" అన్న మాట ఎక్కడినుంచో కాపీ చేసి, "లో" తీసేసి ఉంటారు, ఇది మిగిలిపోయింది. అటూ ఇటూ ఉన్న ఖాళీల్ని తీసే ట్రిమ్ ఫంక్షన్ దాన్ని తియ్యదు, దానికి అది ఖాళీ కాదు. తెలుగులో రాసేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ముల్లు ఇది. ఎక్కించేముందు దాన్ని తీసేసే లైను రాశాను.

అదొక్కటే కాదు. కొత్తపల్లి, కొత్తపల్లె. ద్రాక్షారామం, ద్రాక్షారామ. ఎవరూ తప్పు రాయలేదు. పేరుతో జతపరచడం మానేద్దామని, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకీ, మండలానికీ, గ్రామానికీ ఉండే కోడ్ నంబర్లు తెచ్చి మండలాల టేబుల్లో ఒక కాలమ్‌గా పెట్టాను. ఎక్సెల్‌లో కూడా ఆ కోడ్ కాలమ్ ఉంటే నేరుగా ఎక్కుతుంది. లేకపోతే పేరుతో వెతికి, ఒక్కటే దొరికినా సరే, వదిన కళ్లముందు పెట్టి "ఇదేనా?" అని అడుగుతుంది. రెండు మూడు దొరికితే దానంతటది ఎంచుకోదు. ఇంతకుముందు మొదట దొరికినదాన్ని పెట్టుకునేది, ఆ 41లో ఎక్కువ భాగం అలా వచ్చినవే.

జూన్ 28

రెండు కాలమ్‌ల కీ మళ్లీ వచ్చింది, ఈసారి సరైన చోటికి.

రకం, కవరు. బంగినపల్లి అంటు చిన్న కవరులో ఉంది, పెద్ద కవరులో ఉంది, డ్రమ్ములో లేదు. తైవాన్ పింక్ చిన్న కవరులోనే. ఇక్కడ కవరు రకానికి పిల్ల కాదు, రెండూ విడివిడి, ఏది దేనితో దొరుకుతుందో చెప్పేది ధరల టేబుల్, అందులో రకం ఐడీ, కవరు ఐడీ కలిసి ప్రైమరీ కీ (రికార్డుని గుర్తుపట్టే జత), పక్కన ధర. ఒకదాన్నిబట్టి ఇంకోటి తెలుసుకోలేం, కాబట్టి రెండు కాలమ్‌లూ ఆర్డర్‌లో ఉండాల్సిందే, ఆ జత ధరల టేబుల్లో ఉండాల్సిందే. ఫారిన్ కీ పెట్టాను, రెండూ నాట్ నల్. డ్రమ్ములో తైవాన్ పింక్ కొట్టి చూశా, 1452.

ధర విషయంలో నా పాత పాపం ఒకటి ఇక్కడే ఒప్పుకోవాలి. డ్రాప్‌డౌన్ మారినప్పుడు ధరని ఒక దాచిన ఫీల్డులో పెట్టి, సబ్మిట్ అయ్యాక దాన్నే బిల్లులో వేసుకుంటున్నాను ఇన్నాళ్లూ. ఎవడైనా ఇన్‌స్పెక్ట్ తెరిచి మొక్క 1 రూపాయి అని పెట్టుకుంటే అలాగే బిల్లు అయ్యేది. ఎవరూ పెట్టుకోలేదు, కడియం కస్టమర్లు మంచోళ్లు. ఇప్పుడు ధర సర్వర్‌లో ఆ జత సరిచూసే క్వెరీలోనే వస్తుంది, జత ఉంటే ధర ఉంటుంది.

స్టాకు కూడా అంతే, పేజీ తెరిచినప్పుడు ఉన్న 200 మొక్కలు సబ్మిట్ కొట్టేసరికి ఉండకపోవచ్చు. ముందు చూసి తర్వాత తగ్గించడం కాకుండా, "స్టాకు ఇంతకంటే తక్కువ కాకపోతేనే తగ్గించు" అని ఒకే అప్‌డేట్‌లో రాసి, ఎన్ని రికార్డులు మారాయో చూస్తున్నా. 0 అయితే అయిపోయినట్టు, ఆర్డర్ కూడా వెనక్కి.

సాయంత్రం కర్నూలు రైతు మళ్లీ ఆర్డర్ పెట్టాడు, అవే 400 తైవాన్ పింక్, ఈసారి రవాణా ఖర్చు బాబాయ్‌దే. చిరునామా కాలమ్ తెరిచి రెండుసార్లు చదివాను. అయినా వదిన లారీ చీటీ చేతిలో పట్టుకుని ఆయనకి ఫోన్ చేసింది, "ఏ గూడూరండీ?" అని.